వరిగడ్డి, రెండు బూజులు, కాస్త ఇథనాల్

నవంబరు చివరి వారం

ఈ ఏడు ఫైనలియర్ మైక్రోబయాలజీ పిల్లల ప్రాజెక్టు ఖాయమైంది. వరిగడ్డిని బూజు ఎంజైములతో చక్కెరగా మార్చాలి. ఆ చక్కెరను ఈస్ట్‌తో పులియబెట్టి ఇథనాల్ తియ్యాలి. కాగితం మీద రెండు ముక్కల పనే. మాది తెనాలి చుట్టుపక్కల చిన్న డిగ్రీ కాలేజీ. ల్యాబ్‌లో ఉన్న ఆస్తి ఒక ఆటోక్లేవ్, ఒక ఇంక్యుబేటర్, వాటర్ బాత్, పాత కలరిమీటర్, స్పీడు పెంచితే గోల పెట్టే షేకర్. చక్కెరలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ లాంటి యంత్రాలు మాకు లేవు. ఉన్నవాటితో ఎంతవరకు నమ్మకంగా కొలవగలమో అంతే చేద్దామని ముందే పిల్లలకు చెప్పాను.

గడ్డి ఎందుకంటే కాలేజీ గేటు దాటితే కనిపించేది అదే. అలాగని డెల్టాలో గడ్డి ఊరికే పారేసే సరుకు కాదు. చేత్తో కోసి కుప్ప నూర్చిన గడ్డి నిటారుగా, శుభ్రంగా ఉంటుంది. పాడి ఉన్నవాళ్లు దాన్ని వాము వేసుకుంటారు, మిగిలింది మంచి రేటుకు అమ్ముకుంటారు. అలాంటి గడ్డిని ఇంధనానికి వాడమని చెప్పడం నాకు ఇష్టం లేదు, గేదె నోటి దగ్గరిది లాక్కున్నట్టే. మేం తీసుకుంటున్నది మిషన్ కోత గడ్డి. నలిగి, ముక్కలై, మట్టి అంటుకుని ఉంటుంది. పశువులు సరిగ్గా ముట్టవు. బేలర్ దొరికితే చుట్టలు కడుతున్నారు, దొరక్కపోతే మినుముకో మొక్కజొన్నకో చేను ఖాళీ చేసే తొందరలో నిప్పు పెడుతున్నారు. మా గడ్డి అలాంటి చేలోదే, బీపీటీ 5204, అంటే సాంబ మసూరి.

ఇదే పని పెద్ద ఎత్తున చేసే ఫ్యాక్టరీ మన దేశంలో ఉంది. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టిన రెండో తరం ఇథనాల్ ప్లాంటును 2022 ఆగస్టు 10న ప్రారంభించారు. ఏటా దాదాపు 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లక్ష్యం. టన్నుకు 150 లీటర్లు పడుతుంది. ఈ అంకెను బోర్డు మీద ఓ మూల రాసి పెట్టాం, ఎవరూ చెరపవద్దని.

దాని పక్కనే పిల్లల చేత ఇంకో లెక్క చేయించాను. వరిగడ్డిలో సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ ముక్కల పొడవాటి గొలుసు, మూడో వంతు పైచిలుకు ఉంటుంది. 35 శాతం అనుకుందాం. టన్ను గడ్డిలో 350 కిలోలు. సెల్యులోజ్ విడిపోయేటప్పుడు ప్రతి గ్లూకోజ్ ముక్కకూ ఒక నీటి అణువు చేరుతుంది కాబట్టి బరువు 1.11 రెట్లవుతుంది, సుమారు 389 కిలోల గ్లూకోజ్. గ్రాము గ్లూకోజ్‌కు ఎంత బాగా పులిసినా 0.511 గ్రాముల ఇథనాల్‌కు మించి రాదు. అంటే 199 కిలోలు, లీటర్లలో 250 చిల్లర. మిగతా సగం బరువు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. కాబట్టి ఒక్క సెల్యులోజ్ మీద ఆధారపడితే 250 లీటర్లు పైకప్పు. ఎవరైనా టన్నుకు 400 లీటర్లు తీశామంటే ఆ కాగితం పక్కన పెట్టేయొచ్చు.

డిసెంబరు మొదట్లో

గడ్డిని పొడి చేయించడం దగ్గరే మొదటి తంటా. మిక్సీలో వేస్తే పీచు బ్లేడుకు చుట్టుకుంటోంది. ఎండబెట్టి, కత్తెరతో ముక్కలు చేసి పిండి మర దగ్గరికి తీసుకెళ్లాం. మర ఆయన మొహమాటానికి ఒప్పుకుని ఒక వాయి తిప్పాడు. చెయ్యి పెట్టి పొడిని నలిపి చూసి, “ఇది గడ్డా గాజు పొడా మేడమ్ గారూ? ఇంకో వాయి తిప్పితే నా రాయి అరిగిపోద్ది” అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వరి మొక్క మట్టిలోంచి సిలికా పీల్చుకుని ఆకుల్లో, కాండంలో పేర్చుకుంటుంది. గడ్డిని కాలిస్తే మిగిలే బూడిద పదిహేను శాతం దాకా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం సిలికానే. వరిగడ్డి వాడే ఫ్యాక్టరీల్లో కట్టర్ బ్లేడులు, స్క్రూలు త్వరగా అరిగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఎంజైముల గురించి అన్ని పేపర్లు చదివిన మాకు ఈ సంగతి మొదట చెప్పింది పిండి మర ఆయనే.

చివరికి పశువుల దాణా ఆడించే చోట హామర్ మిల్లులో పని అయింది. జల్లెడ పట్టి మిల్లీమీటరు లోపు పొడిని డబ్బాలకెత్తాం.

డిసెంబరు రెండో వారం

బూజు వేట. పుణెలో సూక్ష్మజీవుల కల్చర్లు దాచి ఇచ్చే ఎన్‌సీఐఎం నుంచి ట్రైకోడెర్మా రీసై అనే సెల్యులోజ్ తినే బూజు కల్చర్ తెప్పించాం. దాంతో పోల్చడానికి మన ఊరి బూజు కూడా ఒకటి కావాలని పిల్లల పంతం. పాత గడ్డివాము అడుగున, నేలకు ఆనుకుని తడిసి నల్లబడిన గడ్డి ఉంటుంది కదా, అక్కడి నుంచి గుప్పెడు తెచ్చారు. నీళ్లలో కలిపి, పలచన మీద పలచన చేసి, సీఎంసీ అగార్ ప్లేట్ల మీద పరిచాం. సీఎంసీ అంటే నీటిలో కరిగేలా మార్చిన సెల్యులోజ్. బ్యాక్టీరియా రాకుండా క్లోరాంఫెనికాల్, బూజులు ప్లేటంతా అల్లుకుపోకుండా రోజ్ బెంగాల్ కలిపాం.

వచ్చినవాటిలో ఒకటి మొదట తెల్లగా దూదిలా పరుచుకుని, తర్వాత వలయాలు వలయాలుగా ముదురు ఆకుపచ్చకు తిరిగింది. సన్నగా కొబ్బరి వాసన. (బూజు ప్లేటు మూత తీసి వాసన చూడకూడదని పిల్లలకు నేనే చెబుతాను. ఇది తియ్యకుండానే తెలిసింది, ఇంక్యుబేటర్ తలుపు తీయగానే కొట్టింది.) ట్రైకోడెర్మాల్లో కొన్ని జాతులు 6-పెంటైల్ పైరోన్ అనే పదార్థం తయారు చేస్తాయి, ఆ వాసన దానిదే. మైక్రోస్కోపులో చూస్తే కొమ్మలు కొమ్మలుగా చీలిన కాడలు, చివర్లలో సీసా ఆకారపు కణాలు, వాటి మూతుల దగ్గర గుత్తులుగా స్పోర్లు. ట్రైకోడెర్మానే అని చెప్పొచ్చు. జాతి పేరు కావాలంటే డీఎన్‌ఏ చూడాలి, దానికి మా దగ్గర డబ్బు లేదు. అందుకని దాని పేరు ‘వాము’ అని పెట్టేశాం.

రైతులకు ఈ కుటుంబం కొత్త కాదు. వేరుకుళ్లు రాకుండా పశువుల ఎరువులో కలిపి చల్లే ట్రైకోడెర్మా విరిడి పొడి ఎరువుల కొట్లలో ప్యాకెట్లుగా దొరుకుతుంది. ఆ విరిడికీ మేం పుణె నుంచి తెప్పించిన రీసైకీ ఒక పాత బంధుత్వం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, నూలు సామాను ఇట్టే చివికిపోయేవి. ఎందుకో చూద్దామని తెచ్చిన బూజుల్లో క్యూఎం6ఏ అనేది నూలును తినెయ్యడంలో అందరికన్నా ముందుంది. మొదట దాన్ని ట్రైకోడెర్మా విరిడి అనే పిలిచారు. అమెరికాలోని నేటిక్ సైనిక ప్రయోగశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ ఏళ్ల తరబడి దాని ఎంజైముల మీద పనిచేశారు. అది వేరే జాతి అని తేలాక 1977లో రీస్ పేరు మీదనే రీసై అయింది. ఇవాళ ప్రపంచంలో సెల్యులేజ్, అంటే సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైములు, అమ్మే కంపెనీల్లో చాలావాటి బూజులు ఆ ఒక్క గుడారం బూజు సంతతే. సైన్యానికి దాన్ని ఆపడం కావాలి, మాకు దాన్ని ఉసిగొల్పడం కావాలి.

డిసెంబరు చివర్లో

ప్లేటు పరీక్ష. బూజు పెరిగిన సీఎంసీ అగార్ మీద కాంగో రెడ్ పోసి, ఉప్పు నీళ్లతో కడిగితే సెల్యులోజ్ మిగిలిన చోట ఎర్రగా ఉంటుంది, తెగిన చోట లేత పసుపు వలయం వస్తుంది. ‘వాము’ వలయం రీసై వలయం కన్నా స్పష్టంగా పెద్దది. పిల్లల ఆనందం చెప్పతరం కాదు, వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఎర్ర ప్లేట్లే. వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లకుండా ఒక్క మాట మాత్రం అన్నాను, ఇంకా ఫిల్టర్ పేపర్ పరీక్ష ఉంది, అందాకా ఆగండి అని.

ఎందుకంటే సెల్యులోజ్‌ను విడగొట్టేది ఒక ఎంజైము కాదు, కనీసం మూడు రకాలు. ఎండోగ్లూకనేజ్ గొలుసు మధ్యలో ఎక్కడపడితే అక్కడ తెంపుతుంది. సెల్లోబయోహైడ్రొలేజ్ తెగిన కొసను పట్టుకుని దాని వెంబడే జరుగుతూ రెండేసి గ్లూకోజులు కొరుకుతుంది. ఆ జంట పేరు సెల్లోబయోస్. బీటా గ్లూకోసిడేజ్ ఆ జంటను విడదీసి రెండు విడి గ్లూకోజులు చేస్తుంది. వీటికి తోడు రాగి అణువు పెట్టుకుని సెల్యులోజ్ స్ఫటికం మీదనే గీత గీసే ఎల్‌పీఎంవో అనే ఎంజైములున్నాయని 2010–11లో తెలిసింది. కాంగో రెడ్ వలయం చూపించేది మొదటి రకాన్ని మాత్రమే. అసలు గడ్డిలో ఉన్న గట్టి సెల్యులోజ్ ముందు ఆ ఒక్కటీ ఏమీ చెయ్యలేదు.

సంక్రాంతి ముందు

ఎంజైము తయారీకి ఘన స్థితి పద్ధతి ఎంచుకున్నాం. అంటే నీళ్లలో కాకుండా తడి పొట్టు మీదే బూజు పెంచడం. గోధుమ పొట్టు, గడ్డి పొడి కలిపి, మాండెల్స్ లవణాల ద్రావణంతో ముద్ద కాకుండా తడిపాం. గుప్పిట్లో పిండితే చెమ్మ తగలాలి, చుక్క కారకూడదు. ఆటోక్లేవ్ చేసి, చల్లారాక స్పోర్ల నీళ్లు చల్లి, 28–30 డిగ్రీల్లో ఉంచాం. వారం తిరిగేసరికి ఫ్లాస్కు నిండా ఆకుపచ్చ పొడి. దాన్ని సిట్రేట్ బఫర్‌లో కలిపి, షేకర్ మీద ఊపి, పల్చటి గుడ్డలో వడగట్టి, సెంట్రిఫ్యూజ్ చేస్తే టీ రంగు నీళ్లు వస్తాయి. అదే మా ఎంజైము.

గడ్డి పొడి బదులు అంతా గ్లూకోజ్ నీళ్లే పోస్తే బూజు ఇంకా బాగా పెరుగుతుంది కదా అని ఒకమ్మాయి అడిగింది. పెరుగుతుంది, ఎంజైము మాత్రం ఇవ్వదు. ఎదురుగా గ్లూకోజ్ ఉన్నంతసేపూ సెల్యులేజ్ జన్యువులను రీసై మూసిపెట్టుకుంటుంది. తేరగా తిండి దొరుకుతుంటే కష్టపడేదెవరు? 1970ల్లో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో తయారైన రట్-సీ30 అనే రకంలో ఆ మూసిపెట్టే జన్యువు దెబ్బతిని ఉంది, అందుకే అది అంత పేరు తెచ్చుకుంది. కంపెనీలు బూజును రెచ్చగొట్టడానికి లాక్టోస్ వాడతాయి. మనకు పనీర్ చేసేచోట విరుగుడు నీళ్లు బకెట్లకు బకెట్లు పారబోస్తారు, వాటిలో ఉన్నది లాక్టోసే. ఇది రాసి పెట్టుకున్నాం, వచ్చే బ్యాచ్‌కు పనికొస్తుంది.

ఫిల్టర్ పేపర్ పరీక్ష చూడడానికి ముచ్చటగా ఉంటుంది. వాట్‌మన్ 1 కాగితం, సెంటీమీటరు వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పొడవు, బరువు 50 మిల్లీగ్రాములు. దాన్ని చుట్టి టెస్ట్ ట్యూబులో పెట్టి, బఫర్, ఎంజైము పోసి, 50 డిగ్రీల వాటర్ బాత్‌లో గంట ఉంచాలి. పీహెచ్ 4.8. రీసై ట్యూబులో గంట చివరికి కాగితం అంచులు నూగుగా విడిపోయి, ట్యూబును తడితే పీచు పైకి లేచి మేఘంలా తిరుగుతోంది. ‘వాము’ ట్యూబులో కాగితం పెట్టినట్టే ఉంది, మడత కూడా చెక్కు చెదరలేదు.

చక్కెరను రంగుతో చూపే డీఎన్‌ఎస్ ద్రావణం పోసి మరిగిస్తే అంకెలూ అదే చెప్పాయి. చక్కెర ఎంత ఉంటే పసుపు రంగు అంత ఇటుక ఎరుపుకు తిరుగుతుంది, 540 నానోమీటర్ల దగ్గర చదవాలి. గోస్ 1987లో రాసిన పద్ధతి ప్రకారం అర మిల్లీలీటరు ఎంజైము గంటలో సరిగ్గా 2 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఇవ్వాలి, అది ఇచ్చిన పలచన స్థాయిని బట్టి ఫిల్టర్ పేపర్ యూనిట్ లెక్కగడతారు. మా రీసై ఆ గీత దాటింది. ‘వాము’ పలచన చెయ్యకుండా పోసినా గీత దాకా రాలేదు. దాటనప్పుడు యూనిట్లు ఇంత అని రాయడానికి ఆ పద్ధతి ఒప్పుకోదు. గీత పొడిగించి ఏదో అంకె వేసిన ప్రాజెక్టు రిపోర్టులు చాలా చూశాను. మేం ‘2 మి.గ్రా. చేరలేదు’ అని మాత్రమే రాశాం. పెద్ద వలయం వచ్చిన బూజు ఇలా నీరుగారిపోవడం పిల్లలకు మింగుడు పడలేదు గానీ, వాళ్ల రిపోర్టులో అన్నిటికన్నా పనికొచ్చే పేజీ ఇదే అవుతుందని నా నమ్మకం.

జనవరి చివర్లో

పండగ సెలవులయ్యాక గడ్డిని లొంగదీసే పని. ఏమీ చెయ్యని పచ్చి గడ్డి పొడి మీద ఎంజైము పోస్తే దాదాపు ఏమీ జరగదు. సెల్యులోజ్ చుట్టూ హెమీసెల్యులోజ్, ఆ రెండింటినీ అతికించి పట్టుకున్న లిగ్నిన్. ఎంజైము లోపలికి వెళ్లే దారే లేదు. వెళ్లినదాంట్లోనూ కొంత లిగ్నిన్‌కు అతుక్కుని వృథా అవుతుంది.

రెండు శాతం కాస్టిక్ సోడాలో నానబెట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల్లో అరగంట పెట్టాం. బయటికి తీస్తే కషాయంలా నల్లటి ద్రావణం, అడుగున మెత్తబడిన లేత గడ్డి. ఆ నలుపంతా కరిగిన లిగ్నిన్. సిలికాలో చాలా భాగం కూడా దాంతోపాటే పోయింది. ఆరబెట్టి తూస్తే వేసిన గడ్డి బరువులో ఇంచుమించు సగమే మిగిలింది. చేతిలోకి తీసుకుంటే అది గడ్డిలా లేదు, నానిన కాగితంలా ఉంది.

కడగడం మాత్రం నరకం. పీహెచ్ ఏడుకు వచ్చేదాకా బకెట్ల మీద బకెట్ల నీళ్లు. గుడ్డలోంచి నీళ్లు దిగవు, పిండితే సన్న పొడి నీళ్లతో కొట్టుకుపోతుంది. మా అటెండర్ బాబాయి చూసి చూసి, “ఈ నీళ్లతో ఎకరం నారుమడి తడిపేవాణ్ణి మేడమ్ గారూ” అన్నాడు. ఎకరం ఎక్కువే గానీ ఆయన బాధ సరైనదే. ఎంజైము ధర గురించి అందరూ మాట్లాడతారు, ఈ నీళ్ల గురించి పేపర్లలో ‘బాగా కడిగి’ అని రెండు మాటలే ఉంటాయి. ఆ నల్ల నీళ్లను యాసిడ్‌తో సరిచేయకుండా కాలవలో పొయ్యకూడదు కూడా. పెద్ద ప్లాంట్లు కాస్టిక్ జోలికి ఎక్కువగా పోకుండా పలచని యాసిడ్, ఆవిరితో పేల్చే పద్ధతుల వైపు మొగ్గడానికి ఇవన్నీ కారణాలే.

ఈ సందర్భంలోనే పిల్లల్లో ఒకబ్బాయి, వాళ్లింట్లో గేదెలున్నాయి, యూరియా గడ్డి సంగతి ఎత్తాడు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, తొక్కి, గాలి చొరబడకుండా కప్పి మూడు వారాలు మాగబెడతారు. యూరియా అమ్మోనియాగా మారి గడ్డిలోని అతుకులను వదులు చేస్తుంది. పశువుకు బాగా అరుగుతుంది. మేం ఆటోక్లేవ్‌లో చేసేదీ, పాడి రైతు టార్పాలిన్ పట్టా కింద చేసేదీ ఒకే తరహా క్షారపు పని. మనది త్వరగా అవుతుంది, ఆయనకు కడిగే పని లేదు. ఆ అబ్బాయి చేత ఒక డబ్బా యూరియా గడ్డి కూడా మాగబెట్టించాను.

ఫిబ్రవరి

అసలు ఘట్టం. కాస్టిక్ గడ్డిని ఐదు శాతం లెక్కన బఫర్‌లో వేసి, గ్రాముకు 15 యూనిట్ల చొప్పున రీసై ఎంజైము పోసి, 50 డిగ్రీల్లో పెట్టాం. పది శాతం వేసి చూస్తే ముద్దయిపోయి షేకర్ మీద కదలనే లేదు, అది వదిలేశాం. పేపర్లలో అయితే వేరే సూక్ష్మజీవులు పెరగకుండా సోడియం అజైడ్ వేస్తారు. అది విషం, పైగా రేపు ఇందులోనే ఈస్ట్ బతకాలి. కాబట్టి వేడినే నమ్ముకున్నాం.

రెండో రోజుకు డీఎన్‌ఎస్ రీడింగ్ చూస్తే కళ్లు చెదిరాయి. సెల్యులోజ్‌లో సగానికి పైగా చక్కెర అయిపోయినట్టు అంకె. ఈస్ట్ వేద్దామని అందరూ సిద్ధం. అప్పుడు బజార్లో ఉన్న మెడికల్ ల్యాబ్ నుంచి బ్లడ్ షుగర్ చూసే జీవోడీ-పీవోడీ కిట్ ఒకటి కొనుక్కొచ్చాం. డీఎన్‌ఎస్‌కు ఏ రెడ్యూసింగ్ షుగర్ అయినా ఒకటే, అన్నిటికీ ఎర్రబడుతుంది. ఈ కిట్ గ్లూకోజ్‌కు మాత్రమే గులాబీ రంగు ఇస్తుంది. చూస్తే, డీఎన్‌ఎస్ చెప్పినదాంట్లో గ్లూకోజ్ సగం కూడా లేదు.

మిగతాది ఏమిటి? సిలికా ప్లేటు మీద టీఎల్‌సీ, అంటే చక్కెరలను మచ్చలుగా విడదీసే పరీక్ష, పెట్టాం. ఒక పక్క గ్లూకోజ్, జైలోస్ (హెమీసెల్యులోజ్‌లోంచి వచ్చే చక్కెర), సెల్లోబయోస్ చుక్కలు, మరో పక్క మా ద్రావణం. బ్యూటనాల్, అసిటిక్ యాసిడ్, నీళ్ల మిశ్రమం ప్లేటు పైకి పాకడానికి సాయంత్రం అయింది. సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన మిథనాల్ చల్లి ఓవెన్‌లో పెడితే ఒక్కొక్క మచ్చా గోధుమ రంగులో తేలింది. మా వరసలో మూడు మచ్చలు. పైన జైలోస్, మధ్యలో గ్లూకోజ్, అడుగున అన్నిటికన్నా చిక్కగా సెల్లోబయోస్. కథంతా ఆ అడుగు మచ్చలో ఉంది. రీసై దగ్గర సెల్యులోజ్‌ను సెల్లోబయోస్‌గా కొరికే సత్తా దండిగా ఉంటుంది గానీ, దాన్ని విడదీసే బీటా గ్లూకోసిడేజ్‌ను అది బయటికి చాలా తక్కువ వదులుతుంది. సెల్లోబయోస్ పేరుకుంటే ముందున్న ఎంజైములకు అదే అడ్డం పడుతుంది. ఇక మామూలు బ్రెడ్ ఈస్ట్‌కు సెల్లోబయోస్ తినడం రాదు, జైలోస్ తినడమూ రాదు. అంటే కలరిమీటర్‌కు చక్కెరగా కనిపించినదాంట్లో ఎక్కువ భాగం ఈస్ట్‌కు చక్కెరే కాదు.

దీనికి మందు ఉల్లిపాయ మీద ఉంది. ఉల్లి పొట్టు కింద నల్లగా మసి రాసినట్టు ఉంటుందే, అది ఆస్పర్జిల్లస్ నైజర్ కుటుంబం. బీటా గ్లూకోసిడేజ్ ధారాళంగా ఇస్తుంది. హాస్టల్ వంటగది నుంచి మసి పట్టిన ఉల్లిపాయ తెచ్చి, వేరు చేసి, అదే గోధుమ పొట్టు మీద విడిగా పెంచాం. స్పోర్లు ఇట్టే ఎగురుతాయి, మాస్కు లేకుండా ఫ్లాస్కు ముట్టనివ్వలేదు. రెండు బూజులనూ ఒకే ఫ్లాస్కులో పెంచి చూశాం కూడా, నైజర్ తొందరగా ఎదిగి రీసైని తొక్కేసింది. విడివిడిగా పెంచి ఎంజైములు కలపడమే నయం.

కలిపిన రోజు టీఎల్‌సీ ప్లేటు చూడాలి. అడుగు మచ్చ లేదు. మధ్య మచ్చ నల్లబడేంత చిక్కన. పై మచ్చ మాత్రం ఎక్కడిదక్కడే. జీవోడీ-పీవోడీ అంకె రెట్టింపు దాటింది. డీఎన్‌ఎస్ అంకె కూడా పెరిగింది, అడ్డం తొలగడంతో రీసై ఎంజైములు ముందుకు సాగాయన్నమాట.

మార్చి మొదటి వారం

ద్రావణాన్ని వడగట్టి, పీహెచ్ ఐదు దాకా తెచ్చి, బ్రెడ్ ఈస్ట్ వేసి 30 డిగ్రీల్లో పెట్టాం. ఫ్లాస్కును పొద్దున, సాయంత్రం తూచడమే పని. బరువు తగ్గిందంటే కార్బన్ డయాక్సైడ్ పోయినట్టు, గ్రాము గ్లూకోజ్‌కు 0.489 గ్రాములు. ఖర్చు లేని పద్ధతి, కాస్త మంచి త్రాసు ఉంటే చాలు. మొదటి రాత్రే బుడగలు. రెండో రోజు సాయంత్రానికి బరువు నిలకడ అయింది.

ఇథనాల్ కొలవడానికి డైక్రోమేట్ వాడాం. నారింజ రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది. కానీ మిగిలిపోయిన చక్కెర కూడా దాన్ని మార్చేస్తుంది కాబట్టి ముందు కొంచెం డిస్టిల్ చేసి, ఆవిరై వచ్చినదాన్నే పరీక్షించాలి. గాజు గొట్టం చివర చుక్క చుక్క పడుతుంటే బాబాయి తలుపు దగ్గర నిలబడి, “ఎక్సైజు వాళ్లొస్తే నేను సెలవులో ఉన్నానని చెప్పండి” అన్నాడు. వచ్చింది రెండు స్పూన్లు. డైక్రోమేట్‌లోని క్రోమియం ప్రమాదకరం, ఆ వ్యర్థాన్ని విడిగా సీసాలో పోసి పేరు రాసి పెట్టాం.

గ్లూకోజ్ లెక్కన చూస్తే రావలసిన ఇథనాల్‌లో నాలుగింట మూడొంతులకు దగ్గరగా వచ్చింది. ఈ పాత ఈస్ట్‌తో అంతకన్నా ఆశించలేదు. మొదట తూచిన పచ్చి గడ్డి మీద లెక్కేస్తే టన్నుకు వంద లీటర్ల లోపే. బోర్డు మీద పానిపట్ 150, పైకప్పు 250, వాటి కింద మాది. గడ్డి ఎక్కడెక్కడ కారిపోయిందో కూడా పిల్లలు పక్కనే రాశారు. కడిగేటప్పుడు పోయిన సన్న పొడి, ఎంజైము ముట్టని సెల్యులోజ్, ఈస్ట్ ముట్టని జైలోస్. ఈ మూడింట్లో పెద్దది జైలోస్ కాదు, ఎంజైము ముట్టనిదే. కానీ ఉన్న సామానుతో చేతికి అందేది జైలోస్. దాన్ని తినే షెఫర్సోమైసిస్ స్టిపిటిస్ అనే ఈస్ట్ కల్చర్ బ్యాంకుల్లో దొరుకుతుంది, ఇండెంట్ పెట్టాం.

మార్చి చివర

ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి, పిల్లలకు టైము లేదు. మిగిలిన పనులు ఇక్కడ రాసి పెడుతున్నాను, వచ్చే బ్యాచ్ ఇక్కడి నుంచి అందుకుంటుంది.

యూరియా గడ్డి డబ్బా తెరిచాం. ఘాటుకు కళ్లు మండాయి. కాసేపు గాలికి ఆరబెట్టి, కడగకుండానే ఎంజైము పోస్తే వచ్చిన గ్లూకోజ్ కాస్టిక్ గడ్డితో పోలిస్తే బాగా తక్కువ, పచ్చి గడ్డితో పోలిస్తే చాలా ఎక్కువ. నీళ్లు ఖర్చు లేదు, నల్ల ద్రావణం లేదు, కరెంటు లేదు. లీటర్ల పోటీలో ఇది ఓడిపోతుంది, కానీ నా ఓటు దీనికే. మిగిలిపోయిన అమ్మోనియా వల్ల పీహెచ్ పైకి పోతోంది, బఫర్ గాఢత పెంచి మళ్లీ చూడాలి.

రెండోది, పుట్టగొడుగుల షెడ్డు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వరిగడ్డి బెడ్ల మీదే పెంచుతారు. ఆ బూజు తెల్ల కుళ్లు జాతి, లాకేజ్, మాంగనీస్ పెరాక్సిడేజ్ లాంటి ఎంజైములతో లిగ్నిన్‌ను తినేస్తుంది, అది ట్రైకోడెర్మాకు చేతకాని పని. కోతలయ్యాక బెడ్లు దిబ్బ మీద పారేస్తారు. అంటే లిగ్నిన్ కొంత తీసేసిన గడ్డి ఊరికే దొరికినట్టు. దాంతోపాటు సెల్యులోజ్ కూడా పుట్టగొడుగులే ఎంత తినేశాయో ముందు తేల్చాలి. ఊళ్లో పెంచేవాళ్లు రెండు సంచులు ఇస్తామన్నారు, ఎండబెట్టడానికి ఏప్రిల్ ఎండలు సరిపోతాయి.

‘వాము’ కల్చర్‌ను స్లాంట్ల (వాలుగా గడ్డకట్టించిన అగార్ ట్యూబుల) మీద వేసి ఫ్రిజ్‌లో పెట్టాం, పై అరలో, ఎడమ పక్క. రీసై, నైజర్ స్లాంట్లు కింది అరలో ఉన్నాయి. మూడింటినీ జూన్‌లో ఒకసారి కొత్త మీడియం మీదకు మార్చాలి.